సన్నని ఇనుప కాళ్ల కుషన్ కుర్చీలు: కొనేముందు ఒకసారి బోర్లించి చూడండి

మీరు అడిగింది ఇదీ. డైనింగ్ టేబుల్‌కి ఆరు కుర్చీలు కావాలి. నచ్చింది ఒక కొత్త కలెక్షన్: గుండ్రంగా చుట్టుకున్నట్టుండే వీపు, మెత్తటి సీటు, కింద వేలంత సన్నని నల్లటి మెటల్ కాళ్లు. అదే డిజైన్లో చేతుల కుర్చీ, లాంజ్ చెయిర్, ఎత్తు స్టూలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఎనభై దాటిన నాన్నగారు ఉన్నారు, ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లలు ఇద్దరున్నారు. అంత సన్నని కాళ్లు బరువు ఆపుతాయా, బట్ట వెల్వెట్ తీసుకోవాలా, ఉంగరాల నూలుతో నేసే బూక్లే తీసుకోవాలా అన్నది మీ టెన్షన్.

కుర్చీలు కట్టడం, పాడైనవాటిని విప్పి బాగుచేయడం నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను, కాలు సన్నగా ఉందని భయపడకండి. ఆ కాలు పైన సీటుకి ఎలా అతుక్కుని ఉందో చూడండి. ఈ రకం కుర్చీల్లో కాలు మధ్యలో వంగిపోయి రిపేరుకి వచ్చేవి చాలా అరుదు. దాదాపు అన్నీ సీటు కింద, ఎవరికీ కనిపించని చోట పాడై వస్తాయి.

సన్నని ఉక్కుతో కుర్చీ చేయడం నిన్నమొన్నటి ఫ్యాషనేమీ కాదు. జర్మనీలోని దెసౌలో, బౌహౌస్ డిజైన్ పాఠశాలలో పనిచేస్తున్న రోజుల్లో మార్సెల్ బ్రాయర్ అనే డిజైనర్ 1925 ప్రాంతంలో వంచిన ఉక్కు గొట్టాలతో కుర్చీ చేశాడు. సైకిలు హ్యాండిల్ చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1927లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన ఇళ్ల ప్రదర్శనలో మార్ట్ స్టామ్, మీస్ వాన్ డెర్ రోహె అనే ఆర్కిటెక్టులు అసలు వెనక కాళ్లే లేని కుర్చీలు చూపించారు. మీరు మెచ్చిన రూపం, అంటే పైన ఒళ్లంతా కుషన్, కింద సన్నని కడ్డీలు, 1948లో వచ్చిన ఈరో సారినెన్ వూంబ్ చెయిర్ నాటికే ఉంది. ఈ పాత కుర్చీల్లో ఒక సంగతి గమనించండి. వీటిలో ఏ కాలూ ఒంటరిగా వెళ్లి సీటుకి అతుక్కోలేదు. ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఉక్కు ద్వారానే దారి ఉంది. మొత్తం ఒక ఫ్రేము, దాని మీద సీటు. ఇప్పుడు వస్తున్న చాలా కలెక్షన్లు ఆ రూపాన్ని తీసుకున్నాయి గానీ ఆ కట్టుబడిని వదిలేశాయి. పెట్టె చిన్నదిగా ఉండాలని, రవాణా తేలిక కావాలని నాలుగు కాళ్లూ విడివిడిగా పంపిస్తారు. మనం ఇంట్లో బిగించుకోవాలి. తేడా అక్కడ మొదలవుతుంది.

ముందు కాలి సంగతి చూద్దాం. 12 మి.మీ. నిండు రాడ్డు, 1.5 మి.మీ. మందం గోడ ఉన్న 25 మి.మీ. బోలు గొట్టం, ఈ రెండూ మీటరుకి దాదాపు ఒకే బరువు తూగుతాయి. కానీ వంగకుండా నిలబడే గుణంలో గొట్టం రాడ్డుకి ఏడున్నర రెట్లు. ఉక్కు మధ్యలో కంటే అంచున ఉంటేనే వంపుని ఎక్కువగా అడ్డుకుంటుంది. అందుకే అమ్మేవాళ్లు ‘ఇది సాలిడ్ రాడ్డు సార్’ అన్నంత మాత్రాన పొంగిపోనక్కర్లేదు. గొట్టం లావు కొంచెం పెరిగినా లాభం పెద్దది. గోడ 1.5 మి.మీ. ఉన్నప్పుడు 16 మి.మీ. గొట్టం బదులు 19 మి.మీ. వాడితే గట్టిదనం ముప్పావు వంతు పెరుగుతుంది, కంటికి మాత్రం ఆ 3 మి.మీ. తేడా కనిపించదు. డైనింగ్ కుర్చీకి 16 నుంచి 22 మి.మీ. గొట్టం, 1.5 మి.మీ. లేదా అంతకు మించిన గోడ ఉంటే కాళ్ల గురించి నాకు బెంగ ఉండదు. గోడ మందం బయటికి కనబడదు కాబట్టి స్పెసిఫికేషన్ అడగండి. చెప్పలేకపోతే కాలి చివర ఉన్న ప్లాస్టిక్ బుష్షు లాగి అంచు చూడండి, తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం, అతుకు. మనిషి కుర్చీలో బొమ్మలా కూర్చోడు. వెనక్కి వాలతాడు, పక్కకి వంగి కింద పడ్డ చెంచా తీస్తాడు, లేవకుండానే కుర్చీతో సహా టేబుల్ దగ్గరికి జరుగుతాడు. అలా జరిగిన ప్రతిసారీ నేల కాలి కొనని పక్కకి తోస్తుంది. ఆ తోపుడు 10 కిలోలే అనుకోండి. కాలు 45 సెం.మీ. పొడవు. పైన కాలిని సీటుకి పట్టి ఉంచే బోల్టుల మధ్య ఎడం 5 సెం.మీ. ఉంటే, ఆ చిన్న తోపుడు పైకి వెళ్లేసరికి తొమ్మిది రెట్లై బోల్టుని 90 కిలోల బలంతో లాగుతుంది. బోల్టుల ఎడం 10 సెం.మీ. అయితే లాగుడు సగానికి పడిపోతుంది. కాళ్లన్నీ ఒకే ఫ్రేముగా ఉంటే ఆ తోపుడంతా ఒక్క మూల మీద పడకుండా నాలుగు వైపులా పంచుకుపోతుంది. కాళ్లు బయటికి వాలి ఉన్న డిజైన్లలో, ఎవరూ కదలకుండా కూర్చున్నప్పుడు కూడా అతుకు మీద ఈ లాగుడు కొంత పడుతూనే ఉంటుంది. ఉక్కుకి ఇది లెక్కలోకి రాని బరువు. చెక్కకి లెక్కే.

అందుకని షోరూంలో ముందు కూర్చోకండి, కుర్చీని ఎత్తి ఏదైనా మెత్తటి దాని మీద బోర్లించండి. అడుగున పల్చని నల్లగుడ్డ స్టేపుల్ పిన్నులతో కొట్టి ఉంటుంది. అది దుమ్ము పడకుండా వేసే గుడ్డ. వీలైతే ఒక మూల కొంచెం లేపి చూడనివ్వమని అడగండి, మంచి సరుకు అమ్మేవాడు కాదనడు. లోపల పొరలు పొరలుగా అంచు కనిపిస్తే ప్లైవుడ్. రవ్వలు అద్ది నొక్కినట్టు గరగరగా ఉంటే పార్టికల్ బోర్డు. సన్నని కాళ్ల కుర్చీకి పార్టికల్ బోర్డు సీటు ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. స్క్రూ దానిలో ఒకసారి వదులైతే మళ్లీ పట్టదు, చుట్టూ పొడి రాలుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ ఉండాలి, 15 ఉంటే ఇంకా మంచిది.

తర్వాత కాలి ప్లేటు చూడండి. దాన్ని చెక్క స్క్రూలతో బిగించారా, బోల్టులతోనా? బోల్టే కావాలి, 6 మి.మీ. లేదా 8 మి.మీ. లావుది. ఆ బోల్టు చెక్కలో నేరుగా తిరగకూడదు, లోపల దిగ్గొట్టిన టీ నట్టులో తిరగాలి. ఈ నట్టుకి చుట్టూ పళ్లుంటాయి. మంచి పనిలో దాన్ని ఫోమ్ అతికించకముందే ప్లైవుడ్ పై వైపు నుంచి దించుతారు. అప్పుడు బోల్టు బిగించేకొద్దీ నట్టు చెక్కని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. చవక పనిలో కింది నుంచే ఒక గుబ్బలాంటి నట్టు దూర్చేస్తారు. ఆరునెలలు కిందామీదా అయ్యాక బోల్టుతో సహా అది ఊడి చేతికొస్తుంది. టీ నట్టు ఒకసారి చెక్క పట్టు వదిలేసి బోల్టుతో పాటు గిరగిరా తిరగడం మొదలుపెడితే బయటి నుంచి ఏమీ చేయలేం. బట్ట విప్పాలి, ఫోమ్ లేపాలి, కొత్త నట్టు వేయాలి, మళ్లీ బట్ట లాగి కొట్టాలి. చిన్న ఇనుప ముక్క కోసం కుర్చీ మొత్తం మళ్లీ కట్టినంత పని.

వెల్డింగు సంగతీ ఇక్కడే చూసేయాలి. కాలు ప్లేటుని కలిసే చోట గొట్టం చుట్టూ పూర్తిగా వెల్డు తిరిగి ఉండాలి. రెండు పక్కలా రెండు చుక్కలు పెట్టి వదిలేస్తే, ఆ ఖాళీ దగ్గరే పగులు మొదలవుతుంది. పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడిలో కరిగించిన పూత, నల్లగా నిగనిగలాడుతూ చాలా లోపాలు దాస్తుంది కాబట్టి గోరు పెట్టి అతుకు చుట్టూ గీరండి, గాడి తగిలితే తెలుస్తుంది. డిస్‌ప్లేలో పెట్టిన కుర్చీ ఉంటే ఇంకా మేలు. వచ్చినవాళ్లందరూ కూర్చుని లేచిన కుర్చీ అది. దాని వెనక కాళ్ల అతుకు దగ్గర కోటింగ్ మీద వెంట్రుకంత గీత కనిపించిందంటే కింద ఉక్కు కదులుతోందని అర్థం. ఆ మోడల్ వద్దు.

కొన్ని కలెక్షన్లలో కాళ్లు రెండేసి జతగా కలిసి వస్తాయి, లేదా నాలుగూ ఒక చతురస్రం ఫ్రేముకి వెల్డు చేసి ఉంటాయి, ఆ ఫ్రేముని సీటుకి నాలుగు మూలల్లో బోల్టులతో బిగిస్తారు. రెండు మోడళ్లు సమానంగా నచ్చితే కళ్లు మూసుకుని ఇలాంటిదే తీసుకోండి. కాళ్ల మధ్య అడ్డకడ్డీ ఉంటే అందం పోతుందని కొందరంటారు. నాకైతే పల్చని అడ్డకడ్డీ ఉన్న కుర్చీయే అందంగా కనిపిస్తుంది, అది చేసే పని తెలుసు కాబట్టి.

నాన్నగారి విషయానికి వద్దాం. పెద్దవాళ్లు లేచేటప్పుడు సీటు ముందు అంచుకి జరిగి, చేతులు కుర్చీ చేతుల మీద ఊని లేస్తారు. ఆ క్షణంలో ఒంటి బరువంతా కుర్చీ ముందు భాగం మీదే ఉంటుంది. సన్నని కాళ్ల డిజైన్లలో సీటు గాల్లో తేలినట్టు కనబడాలని కాళ్లని లోపలికి నెట్టేవి ఉన్నాయి. అలాంటిదానిలో ముందంచున కూర్చుంటే వెనక కాళ్లు లేస్తాయి. షోరూంలో మీరే ముందంచున కూర్చుని, రెండు చేతులతో కుర్చీ చేతుల ముందు కొనలు గట్టిగా కిందికి నొక్కండి. వెనక కాళ్లు నేల వదిలితే అది ఆయనకి పనికిరాదు. కాళ్ల కొనలు సీటు అంచుకి సమానంగానో కాస్త బయటికో ఉండాలి. మరీ బయటికి చాచినవైతే నడిచేవాళ్ల కాలికి తగులుతాయి, అదీ పెద్దవాళ్లున్న ఇంట్లో ఇబ్బందే. సీటు ఎత్తు 45 నుంచి 48 సెం.మీ. మధ్య, లోతు 45 సెం.మీ. దాటకుండా చూడండి. మీరు ముచ్చటపడుతున్న లాంజ్ చెయిర్ 38 నుంచి 42 సెం.మీ. ఎత్తులో ఉండి లోతుగా వెనక్కి వాలి ఉంటుంది. చూడ్డానికి హాయి, లేవడానికి మోకాళ్ల మీద భారం. అది ఆయన కోసమని మాత్రం కొనకండి.

కొలతల్లో జనం మరిచిపోయేది ఒకటుంది. కేటలాగులో రాసిన సీటు ఎత్తు ఎవరూ కూర్చోనప్పటిది. మెత్తటి సీటు మనిషి బరువుకి రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. టేబుల్ పై భాగానికీ సీటుకీ మధ్య 27 నుంచి 30 సెం.మీ. ఉంటే తినడానికి సుఖం. టేబుల్ 75 సెం.మీ. అయితే కుర్చీ 45–47 సరిపోతుంది. చేతుల కుర్చీకి ఇంకో కొలత కావాలి. టేబుల్ పలక కింద అడ్డపట్టీ ఉంటుంది చూడండి, నేల నుంచి దాని కింది అంచు దాకా టేపుతో కొలవండి. కుర్చీ చేతులు దానికంటే కిందికి ఉంటేనే కుర్చీ లోపలికి వెళ్తుంది. లేకపోతే ప్రతి రోజూ అంచు టేబుల్‌కి రాసుకుని చేతుల మీద బట్టే ముందు పోతుంది.

ఎత్తు స్టూలు గురించి క్లుప్తంగా చెబుతాను. పైన చెప్పిన లాగుడు లెక్కే, కాలు పొడవు పెరిగింది కాబట్టి ఇంకా ఎక్కువ. పాదాలు పెట్టుకునే రింగు కాళ్లన్నిటినీ కలుపుతూ వెల్డు చేసి ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి. పిల్లలున్న ఇంట్లో ఇది ఖచ్చితంగా పాటించండి.

సీటు లోపల ఫోమ్ గురించి ఒక అపోహ పోగొట్టాలి. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందనేది. అది ఆయుష్షుకి సంబంధించిన మాట. గట్టిదనం అంటే ఎంత నొక్కితే ఎంత దిగుతుందనేది. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ని కూడా గట్టిగా ఉండేలా తయారుచేయొచ్చు, షోరూంలో బ్రహ్మాండంగా అనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి మధ్యలో గుంట పడుతుంది. రోజూ వాడే సీటుకి కనీసం 30–35 డెన్సిటీ అడగండి. హెచ్ఆర్ ఫోమ్ అని దొరుకుతుంది, నొక్కి వదిలితే చప్పున తిరిగి లేస్తుంది, అది దొరికితే మంచిది. సీటు నేరుగా ప్లైవుడ్ మీద ఉంటే 5 సెం.మీ. మందమైనా ఉండాలి. పిడికిలి పెట్టి ఒంటి బరువు మోపండి. చెక్క చేతికి తగిలిందంటే భోజనం అరగంట సాగేసరికి పిరుదులకీ తగులుతుంది. ప్లైవుడ్ బదులు ఎలాస్టిక్ పట్టీలు అల్లిన సీటైతే పల్చని ఫోమ్‌తోనూ సుఖంగా ఉంటుంది. కాకపోతే అప్పుడు కాళ్లు బిగించే చోటికి వేరే గట్టి ఫ్రేము ఉండి తీరాలి.

బట్ట. మీ ఇంటికి బూక్లే వద్దు. ఉంగరాలు ఉంగరాలుగా తేలి ఉండే ఆ నూలు చూడముచ్చటగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పిల్లల ప్యాంటు జిప్పు, బొమ్మ కారు చక్రం, పెంపుడు పిల్లి గోరు, ఏది తగిలినా ఒక ఉంగరం బయటికి లాగేస్తుంది. తినే చోట అన్నం మెతుకు అందులో ఇరుక్కుంటే తీయడానికి పిన్నీసు కావాలి. బూక్లే ఎవరూ తినని, తక్కువగా కూర్చునే లాంజ్ చెయిర్‌కి వేయించుకోండి. డైనింగుకి పొట్టి నూగున్న పాలియెస్టర్ వెల్వెట్ గానీ, దగ్గరగా నేసిన బట్ట గానీ మంచిది. వెల్వెట్ మీద కూర్చున్న చోట రంగు మారినట్టు నీడలు పడతాయి. అది నూగు వాలడం వల్ల వచ్చేది, లోపం అనుకోకండి. మెత్తటి బ్రష్‌తో ఎదురు దువ్వితే చాలావరకు లేస్తుంది.

బట్ట అరుగుదలకి మార్టిన్‌డేల్ అనే పరీక్ష ఉంది. యంత్రం బట్టని ఉన్ని గుడ్డకేసి రుద్దుతుంది, ఎన్ని రుద్దుళ్లకి దారాలు తెగాయో లెక్కపెడతారు. ఇంట్లో రోజువారీ వాడకానికి 25,000 దాటితే చాలు, పిల్లలున్నారు కాబట్టి 30,000–40,000 మధ్య చూడండి. లక్ష ఉందని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ఇంట్లో కుర్చీ బట్ట చాలాసార్లు అరగకముందే మరకల వల్లే పోతుంది. వైజెన్‌బీక్ అని రాసిన అంకె కనిపిస్తే అది వేరే పరీక్ష, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. బట్ట లేబుల్ మీద డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో శుభ్రం చేయొచ్చు. ఎస్ అంటే డ్రైక్లీనింగ్ ద్రవాలే వాడాలి, నీళ్లు తగలకూడదు. ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఏదీ వద్దని. డైనింగుకి డబ్ల్యూ ఉన్నదే తీసుకోండి. లెదర్ లాగా కనిపించే పీయూ రెక్సిన్ తుడవడానికి తేలికే, కానీ గాలిలో తేమకీ చెమటకీ పై పొర కొన్నేళ్లలో పొలుసులుగా రాలిపోతుంది. ఒకసారి రాలడం మొదలైతే దానికి మందు లేదు, బట్ట మార్చాల్సిందే.

నేలని తాకే చోటు చూడకుండా ఎవరూ కొనకూడదు. 16 మి.మీ. కాలి కొన వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు. 80 కిలోల మనిషి వెనక కాళ్ల మీదికి వాలితే ఒక్కో కొన మీద 40 కిలోలు. కాలు ఏటవాలుగా ఉండి బుష్షు నిటారు కాళ్ల కోసం చేసినదైతే, బుష్షు మొత్తం ఆనదు, ఒక అంచే ఆనుతుంది. ఆ అంచు వేగంగా అరిగి గొట్టం బయటికొస్తుంది, టైల్స్ మీద నల్లగీతలు, చెక్క నేల మీద గుంటలు పడతాయి. వాలుకి తగ్గట్టు కోసిన బుష్షు గానీ, తనంతట తాను తిరిగి నేలకి సమంగా కూర్చునే రకం గానీ ఉండాలి. ఫెల్ట్ ముక్కలు అంటిస్తే వాటిని అప్పుడప్పుడు మార్చండి, అందులో ఇసుక రేణువు దూరితే అదే నేలని గీస్తుంది.

తుప్పు కూడా ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. పౌడర్ కోటింగ్ గొట్టానికి బయట వేస్తారు, లోపల ఉక్కు ఉత్తదే. తడిగుడ్డతో నేల తుడిచిన ప్రతిసారీ నీటిబొట్టు బుష్షు సందులోంచి లోపలికి ఎక్కుతుంది. కొన్నాళ్లకి కాలు నిలిచిన చోట నేల మీద గోధుమరంగు ఉంగరం కనిపిస్తుంది. బుష్షు బిగుతుగా పట్టేదై ఉండాలి. కొత్తలోనే ఒకసారి తీసి, లోపలి అంచుకి తుప్పు పట్టకుండా కాస్త ప్రైమర్ పూసి మళ్లీ వేసేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. బంగారు రంగు కాళ్ల మోడల్ కూడా ఉందన్నారు. పలచని ఇత్తడి పూత అయితే చేతులు, పాదాలు తగిలేచోట రంగు పోతుంది. మీకు నలుపే మేలు, గీత పడినా టచప్ పెయింట్‌తో సరిదిద్దుకోవచ్చు.

మీ స్థానంలో నేనుంటే, కాళ్లన్నీ ఒకే ఫ్రేముగా ఉన్న మోడల్ దొరికితేనే ఆరూ ఆ కలెక్షన్లో కొంటాను. నాన్నగారి కోసం ఒకటి చేతుల కుర్చీ, మిగతా ఐదూ చేతుల్లేనివి. అన్నిటికీ ముదురు రంగు పొట్టి నూగు వెల్వెట్, లేబుల్ మీద డబ్ల్యూ. విడి కాళ్ల మోడల్ తప్ప లేదంటే ప్లేటు పెద్దదిగా, బోల్టుల ఎడం ఎక్కువగా, సీటు ప్లైవుడ్‌తో ఉన్నదాన్ని వెతుకుతాను, అది డిజైన్లో ఒక మెట్టు తక్కువైనా సరే.

ఇంటికొచ్చాక బిగించే పద్ధతి కూడా కుర్చీ ఆయుష్షుని మారుస్తుంది. ఒక కాలు పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్లకండి. అన్ని బోల్టులూ చేత్తో సగం తిప్పి వదిలి, కుర్చీని సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనాయని చూసుకుని, అప్పుడు ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. బోల్టు తల కింద స్ప్రింగ్ వాషర్ లేకపోతే వేయండి. ప్లేటు కింద చెక్క మొదటి వారాల్లో కాస్త అణుగుతుంది కాబట్టి నెల తర్వాత బోల్టులు ఎలాగూ వదులవుతాయి. అప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఆరునెలలకోసారి అలెన్ కీతో పావు చుట్టు బిగించుకోండి. బలమంతా పెట్టి తిప్పితే టీ నట్టు పళ్లు చెక్కని చీల్చేస్తాయి, చేతికి పట్టు తగలగానే ఆపేయండి. పిల్లలు కుర్చీలో వెనక్కి ఊగుతున్నప్పుడు టకటకమని చప్పుడు వినిపించినా వాయిదా వేయకండి, ఆ సాయంత్రమే బోర్లించి ఏ బోల్టు వదులైందో చూసి బిగించండి.